వార్తను చదవడం నేర్పుదాం
(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఈ సభలో ప్రతి సంవత్సరం ఫీజుల గురించి, నోటు పుస్తకాల గురించి, పదో తరగతి తర్వాత చదువు మానేస్తున్న పిల్లల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నిర్వాహకులు మాకు ఇచ్చిన విషయం వేరు. వార్తల్లో పక్షపాతం గురించి మాట్లాడమన్నారు. పాఠాలు చెప్పుకునేవాళ్లకు పత్రికల సంగతి ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ అక్షరాలు నేర్పేది మేమే. ఆ అక్షరాలతో పిల్లవాడు బడి బయట ఏం చదువుతున్నాడో, చదివినదాన్ని ఎలా నమ్ముతున్నాడో చూడవలసిన బాధ్యత కూడా మాదే. అందుకే ఈ విషయాన్ని బడి విషయంగానే భావించి నాలుగు మాటలు చెబుతాము.

వార్త ఎక్కడి నుంచి వస్తుంది?

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి మన శంషాబాద్ పేరు పత్రికల్లో తరచూ కనిపిస్తోంది. ఏ వార్తల్లో కనిపిస్తోంది? బంగారం పట్టివేత, ప్రముఖుల రాకపోకలు, బాంబు బెదిరింపులు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదాలు. ఇవి అబద్ధాలు కావు. కానీ ఇదే విమానాశ్రయంలో గల్ఫ్ దేశాల్లో చనిపోయిన తెలంగాణ కూలీల శవపేటికలు కూడా దిగుతాయి. వాటికోసం జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబాలు కార్గో గేటు దగ్గర కాచుకొని ఉంటాయి. బంగారం పట్టుబడితే ఫొటోతో సహా వార్త వస్తుంది. శవపేటిక వస్తే చాలాసార్లు ఆ ఊరి జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి, ఒక్కోసారి అవి కూడా రావు.

దీనికి ఎవరి దురుద్దేశమో కారణం అనుకోనక్కర్లేదు. బంగారం పట్టుకున్న కస్టమ్స్ శాఖ పత్రికలకు ప్రకటన పంపుతుంది, ఫొటో కూడా జత చేస్తుంది. చనిపోయిన కూలీ భార్యకు ప్రకటన రాసి పంపేవాళ్లు ఎవరూ లేరు. ఎవరైనా అందించిన సమాచారం సులువుగా వార్త అవుతుంది. ఎవరూ అందించనిదాన్ని వెతికి పట్టుకోవాలి. వెతకడానికి సమయం, డబ్బు, మనసు మూడూ కావాలి.

తెలుగు పత్రికల్లో మండల స్థాయి వార్తలు రాసేవారిలో ఎక్కువమంది నెలజీతం ఉద్యోగులు కారు, కంట్రిబ్యూటర్లు. వాళ్లకు వచ్చే పారితోషికం తక్కువ. దాంతోపాటు ప్రకటనలు తెచ్చిపెట్టాలన్న ఒత్తిడి. సాయంత్రంలోగా వార్త డెస్కుకు పంపాలి. నేరవార్త అయితే పోలీసులు చెప్పిందే మొదటి ఆధారం, చాలాసార్లు ఏకైక ఆధారం. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ ఆ ఊరు చూసి ఉండడు, శీర్షిక మాత్రం అతనే పెడతాడు. టీవీ చానళ్ల సంగతి ఇంకా వేరు. పక్క చానల్‌లో బ్రేకింగ్ పడిందంటే విచారించే వ్యవధి కూడా ఉండదు. ద్వేషంతో రాసేవాళ్లు లేరని మేము అనడం లేదు, ఉన్నారు. అయితే ద్వేషంతో పుట్టిన అబద్ధం, తొందరలో జరిగిన పొరపాటు, అలవాటుగా జరిగే నిర్లక్ష్యం మూడూ ఒకటి కావు. ఏది ఏదో గుర్తుపట్టగలిగినవాడే దానికి తగిన జవాబు చెప్పగలడు.

నలుగురిలో ఒక పేరు

మన ఇంటి ముందు జరిగిన ఘటననే చూద్దాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు సమీపంలో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. మర్నాడు ఉదయం చటాన్‌పల్లి వంతెన కింద ఆమె శరీరం కాలిపోయి కనిపించింది. తర్వాత ఆమెను 'దిశ' అని పిలుచుకున్నాం. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ కంటిమీద కునుకు లేదు. ఆ దుర్మార్గం ఎవరు చేసినా దుర్మార్గమే. ఏ నిందితుడినీ వెనకేసుకురావడానికి మేము ఈ ప్రస్తావన తేవడం లేదు.

నవంబరు 29న పోలీసులు నలుగురు నిందితుల పేర్లు ప్రకటించారు. నలుగురూ లారీల మీద పనిచేసేవాళ్లే. అందులో ఒకరిది ముస్లిం పేరు, ముగ్గురివి హిందూ పేర్లు. కొన్ని గంటల్లోనే సోషల్ మీడియాలో లెక్కలేనన్ని పోస్టులు, కొన్ని వెబ్‌సైట్ల శీర్షికలు ఒక్క పేరునే పట్టుకున్నాయి. దూరప్రాంతాల్లో వాటిని చదివినవాళ్లు ఇది ఒక మతంవాళ్లు చేసిన పని అనుకున్నారు. ఇక్కడ న్యాయంగా మాట్లాడుకోవాలి. పోలీసుల లెక్కలో ఆ వ్యక్తే మొదటి నిందితుడు. అతని పేరు రాయడం తప్పు కాదు. మిగతా ముగ్గురి పేర్లు మాయం చేయడమే తప్పు. అలాంటి శీర్షికలో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండకపోవచ్చు, అయినా మొత్తంగా అది అబద్ధమే.

ఇంకో తప్పు కూడా జరిగింది. దాన్ని మనలో చాలామంది గమనించలేదు. అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. అప్పట్లో అది భారత శిక్షాస్మృతి 228-ఎ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయసంహిత 72వ సెక్షన్. ఆమె మరణించినా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అంతకు ఏడాది ముందే, 2018 డిసెంబరులో, స్పష్టంగా చెప్పింది. అయినా ఆ పేరు, ఆ ఫొటో దేశమంతా తిరిగాయి. కొవ్వొత్తుల ఊరేగింపుల్లోనూ తిరిగాయి.

ఈ పేర్ల గొడవలో అసలు ప్రశ్న వెనకబడిపోయింది. కూతురు కనిపించడం లేదని ఆ రాత్రి ఠాణాకు వెళితే, ఇది మా పరిధి కాదంటూ మరో ఠాణాకు పంపారని కుటుంబం చెప్పింది. ఆ జాప్యం మీద ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు. విమానాశ్రయం పక్కన, జాతీయ రహదారి మీద, టోల్‌గేటు దగ్గర రాత్రిపూట ఒక మహిళకు భద్రత ఎందుకు లేదు? ఠాణా పరిధి గీతలు ఒక ప్రాణం కంటే ఎక్కువా? రోజుల తరబడి చర్చ జరగవలసింది వీటిమీద. నిందితుడి మతం మీద జరిగిన చర్చ వల్ల శంషాబాద్‌లో ఒక్క వీధిదీపం కూడా అదనంగా వెలగలేదు.

డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గరే నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. చానళ్లు ఆ దృశ్యాన్ని పదేపదే చూపించాయి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. 2022 మేలో ఆ నివేదిక బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథనం నమ్మదగినది కాదని, నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని కమిషన్ తేల్చింది. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. కమిషన్ ఏం తేల్చిందో ఈ సభలో ఎంతమందికి గుర్తుంది? పూలు చల్లిన దృశ్యం మాత్రం అందరికీ గుర్తుంటుంది. మొదటి రోజు వార్తకూ రెండేళ్ల తర్వాత వచ్చిన వార్తకూ ఉన్న తేడా అది.

అరెస్టు వార్త, విడుదల వార్త

ఈ తేడాకు మన నగరం ఇంతకుముందే మూల్యం చెల్లించింది. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. వెంటనే విదేశీ ఉగ్రవాద సంస్థల పేర్లు, పాతబస్తీ యువకుల అరెస్టులు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చాయి. తర్వాత ఆ యువకులు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వమే కొందరికి పరిహారం ఇచ్చింది. ఆ పరిహారాన్ని ఆ తర్వాత హైకోర్టు కొట్టేసింది. కేసు మరో దారి పట్టి హిందూ సంస్థలకు చెందినవారిని నిందితులుగా నిలబెడితే అప్పుడూ పెద్ద శీర్షికలే వచ్చాయి. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది.

అంటే రెండుసార్లు దోషులు దొరికారని చదివాం, రెండుసార్లూ రుజువు కాలేదు. బాంబు పేల్చి తొమ్మిది ప్రాణాలు తీసింది ఎవరో ఆ తీర్పు నాటికి తేలలేదు. మధ్యలో ఎందరో యువకుల ఉద్యోగాలు, పెళ్లిళ్లు, చదువులు పోయాయి. అరెస్టుకు మొదటి పేజీ ఇచ్చినప్పుడు విడుదలకు కూడా మొదటి పేజీ ఇవ్వాలి. ఇది మనకోసం అడిగే ప్రత్యేక హక్కు కాదు. ఏ మతం నిందితుడికైనా ఇదే కొలత ఉండాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవారిలో ఆరుగురు చనిపోయారని మార్చి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సమాచారం ప్రజలకు అవసరం. వెళ్లివచ్చినవాళ్లు పరీక్షలు చేయించుకోవడం ధర్మం. కానీ రోగానికి 'జిహాద్' అని పేరు పెట్టడం సమాచారం కాదు. ఆ మాట చానళ్లలో తిరిగిన వారంలోనే దేశంలో చాలాచోట్ల తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునేవాళ్లను పేరు అడిగి వెనక్కి పంపారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, మీడియాలో వారిమీద పెద్దఎత్తున దుష్ప్రచారం జరిగిందని, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. 2021 సెప్టెంబరు 2న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని, చివరికి దేశానికే చెడ్డపేరు వస్తుందని అన్నారు. ఆయన మన తెలుగువారు. న్యాయవాది కాకముందు కొంతకాలం పత్రికలో పనిచేసినవారు కూడా.

మన ఫోన్లలో ఏముంది?

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇప్పుడు అదే త్రాసులో మనల్ని కూడా తూచుకోవాలి.

2018 మే నెల, రంజాన్ రోజులు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు ఊరూరా తిరిగాయి. మన పొరుగునే ఉన్న చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఆ అనుమానంతో ఒక గుంపు కొట్టి చంపింది. ఆ మెసేజ్‌ను ఏ పత్రికా ముద్రించలేదు, ఏ చానలూ తయారుచేయలేదు. ఫార్వర్డ్ చేసింది మామూలు ఇళ్లలోని మామూలు మనుషులు. పిల్లల క్షేమం కోసమే పంపామని వాళ్లు అనుకొని ఉంటారు. రెండు నెలల తర్వాత వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి అయిదుకు పరిమితం చేసింది. పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాలేదు.

ఒక వ్యక్తి వార్త తెస్తే విచారించి తెలుసుకోండి, తెలియక ఎవరికో హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి తెచ్చుకోకండి అన్నది దివ్య ఖుర్‌ఆన్‌లో హుజురాత్ సూరా మనకు నేర్పే పాఠం. విన్న ప్రతి మాటనూ ఇతరులకు చెప్పేయడం మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ పాఠం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఫార్వర్డ్ బటన్ దగ్గర దాన్ని గుర్తు చేసుకోవాలి. మనవాళ్ల మీద అన్యాయం జరిగిందని వచ్చే మెసేజ్‌ను కూడా విచారించాలి. ఎక్కడో పాత వీడియోను నిన్నటి సంఘటన అని పంపితే, రేపు నిజంగా అన్యాయం జరిగిన రోజున మన మాట ఎవరు నమ్ముతారు?

సొంతవాళ్లకు వ్యతిరేకంగానైనా న్యాయం పలకమన్నది నిసా సూరా ఆదేశం. దీన్ని ప్రాణమిచ్చి నిలబెట్టినవాడు ఈ నగరంలోనే ఉన్నాడు. షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. రజాకార్ల దౌర్జన్యాలను విమర్శించాడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. బెదిరింపులు వచ్చినా కలం దించలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి కాచిగూడలో ఇంటికి వెళ్తుండగా కాల్చి, చేయి నరికి చంపారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు. మనవాళ్ల కేకలకు భయపడకుండా రాసిన ఆ ముస్లిం పాత్రికేయుడి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మీడియా మనపట్ల న్యాయంగా ఉండాలని అడిగే ముందు ఆ పేరు మన బడుల్లో చెప్పుకోవాలి.

ఏం చేయాలి?

కోపం తెచ్చుకోవడం సులువు. చానల్ మార్చడం ఇంకా సులువు. పేపర్ మానేయడం మాత్రం అన్నిటికంటే నష్టం. పేపర్ చదవని ఇంటి పిల్లవాడికి ఉద్యోగ ప్రకటన తెలియదు, స్కాలర్‌షిప్ గడువు తెలియదు, తన గురించి ఏం రాశారో కూడా తెలియదు. ఉర్దూ మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామంది తెలుగు దినపత్రికను ధారాళంగా చదవలేరు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడతారు, పేపర్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. పక్కింటివాళ్లు ఏం చదువుతున్నారో తెలియకపోతే వాళ్ల అనుమానాలకు జవాబు ఎలా చెప్పగలం?

తరగతి గదిలో మేము పిల్లల చేత చేయించే పని చాలా చిన్నది. ఒకే సంఘటన మీద రెండు మూడు పత్రికల్లో వచ్చిన వార్తలు పక్కపక్కన పెట్టి అయిదు ప్రశ్నలు వేయమంటాం. ఈ మాట ఎవరు చెప్పారు? చెప్పినవాళ్లు స్వయంగా చూశారా, విన్నారా? ఇందులో ఎవరి మాట లేదు? శీర్షికలో ఉన్నది లోపలి వార్తలో ఉందా? నెల తర్వాత ఈ కేసు ఏమైంది? మొదట్లో పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. కొన్నాళ్లకు ఇంటికి వచ్చిన మెసేజ్‌ను కూడా ఇవే ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. 'అబ్బాజాన్, ఇది ఎవరు చెప్పారు?' అని పిల్లవాడు అడిగితే తండ్రి చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం ఆగడం కోసమే ఈ పాఠమంతా.

ఇక దాతలకు మూడు విన్నపాలు.

మొదటిది. మీరు చేయూతనిస్తున్న ప్రతి బడికీ, ప్రతి మదరసాకూ రోజూ ఒక తెలుగు, ఒక ఉర్దూ, ఒక ఇంగ్లిషు దినపత్రిక వచ్చేలా చూడండి. ఒక విందులో మిగిలిపోయే బిర్యానీ ఖర్చు కూడా దీనికి ఏడాది పొడవునా కాదు. పత్రికలు వేయించి వదిలేయకుండా, వారానికి ఒక పీరియడ్ వాటికోసం కేటాయించమని అడగండి.

రెండవది. డాక్టరు, ఇంజనీరు చదువులకు సాయం చేస్తున్నాం, చేయాలి. ఏడాదికి ఒక్కరికైనా జర్నలిజం చదువుకు ఫీజు కట్టండి. మన నగరంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఆ చదువు ఉంది. అబ్బాయిలకే కాదు, ఆడపిల్లలకు కూడా అవకాశం ఇవ్వండి. అలా చదివినవాళ్లు మన తరపున రాయాలని మేము కోరడం లేదు. నిజం రాస్తే చాలు. న్యూస్ డెస్కులో మన బస్తీలు తెలిసిన ఒక మనిషి ఉంటే, మిగతా మూడు పేర్లు ఏవి అని శీర్షిక పెట్టేవాణ్ని అడుగుతాడు.

మూడవది. తప్పుడు వార్త వస్తే ఆఫీసు ముందు నినాదాలు వద్దు. ఉత్తరం రాద్దాం. పత్రిక అయితే మొదట సంపాదకుడికి, తేదీ, పేజీ, ఏ వాక్యం తప్పో, దానికి ఆధారం ఏమిటో చెబుతూ రాయాలి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దినపత్రిక విషయంలో వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేరాలి. టీవీ వార్త అయితే గడువు ఇంకా తక్కువ, వారంలోపే చానల్‌కు రాయాలి. ప్రెస్ కౌన్సిల్‌కు శిక్షించే అధికారం లేదు, మందలించే అధికారమే ఉంది. అయినా రాతపూర్వకమైన ఫిర్యాదుకు విలువ ఉంది, అది రికార్డులో ఉంటుంది. మన సొసైటీలో చట్టం తెలిసిన ఒకరికి, తెలుగు బాగా రాయగలిగిన ఒకరికి ఈ పని అప్పగించండి. బాగా రాసిన విలేకరికి కూడా ఉత్తరం రాయండి. గల్ఫ్ కూలీ కుటుంబం కోసం కార్గో గేటు దగ్గర గంటల తరబడి నిలబడి నాలుగు లైన్లు రాసిన కంట్రిబ్యూటర్‌కు ధన్యవాదాలు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మనం చెబుదాం. మర్నాడు అతను పది లైన్లు రాస్తాడు.

మీరు ఇచ్చే జకాత్, సదఖా ఒక పిల్లవాడి కడుపు నింపుతున్నాయి, ఫీజు కడుతున్నాయి. ఆ పిల్లవాడు రేపు తన గురించి, తన పొరుగువాడి గురించి రాసింది చదివి, నిజమెంతో తేల్చుకునేవాడు కావాలి. అప్పుడే మీ దానం పూర్తిగా ఫలించినట్లు. అల్లాహ్ మనందరికీ నిజం వినే చెవిని, నిజం పలికే నాలుకను, వినగానే నమ్మేయకుండా విచారించే ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.